ముత్యాలయ్య మామ తెచ్చిన ఆటగాళ్ళు

మా మేనమామ ముత్యాలయ్య ఫుట్‌బాల్ ఆడగా నేనెప్పుడూ చూడలేదు. వయసులో ఉన్నప్పుడు ఆడేవాడట. బంతి ఒకవైపు పోతే ఆయన ఇంకోవైపు పోయేవాడని ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వుతాడు. తనకు తన్నడం రాదు కాబట్టే తన్నేవాళ్ళను చూడటం నేర్చుకున్నానంటాడు.

మాది తడకు తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న కుప్పం, అంటే జాలరిపల్లె. ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గితే ఊరి ముందు బురద నేల బయటపడి, ఎండకు గట్టిపడి తెల్లగా అవుతుంది. అదే మా ఆటస్థలం. వానలు పడి నీళ్ళు తిరిగొచ్చాక గోలు గుంజలు మాత్రం సరస్సులో నిలబడి ఉంటాయి. అప్పుడిక బంతి అటక మీదికి పోతుంది, వలలు కిందికి దిగుతాయి.

సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటికీ క్లబ్బులున్నాయి. ఏటా ఎండల్లో అందరూ కలిసి పోటీలు పెట్టుకుంటారు. ఫ్యాక్టరీలకు దగ్గరగా ఉన్న ఊరికి ఒక కాంట్రాక్టరు ఉన్నాడు. బాగా ఆడేవాడు కనిపిస్తే పనిలో పెట్టుకుంటాడు. తమిళనాడు వైపు ఊళ్ళలో మరబోట్ల యజమానులు బూట్లు, బనియన్లు కొనిస్తారు. మా గంగమ్మ క్లబ్బుకు ఎవరూ లేరు. ఏడాదికొకసారి ఇంటికొక గంప చేపలు వేలంలో క్లబ్బు పేరు మీద పోతాయి. దాంట్లోనే బంతులు, గోలు వలలు, పోయిరావడానికి డీజిలు. ఆటగాళ్ళకు ఇవ్వడానికి ఇక ఏమీ మిగలదు. అయినా జట్టులోకి మనుషుల్ని తెచ్చే పని ఎవరో ఒకరు చేయాలి గదా. పెద్దలు ఆ పని మా మామకు అప్పగించారు.

ఆయనకు ట్రాలీ ఆటో ఉంది. తెల్లవారుజామున ఐసు పెట్టెల్లో చేపలు వేసుకుని తడకు, సూళ్ళూరుపేటకు, ఒక్కోసారి సరిహద్దు దాటి కూడా పోతాడు. దారిలో ఏ ఊళ్ళో పిల్లలు బంతి ఆడుతున్నా ఆపేస్తాడు. నేను ఆ ఆటోలోనే తడ దగ్గరి రొయ్యల షెడ్డుకు పోయేదాన్ని. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా నాన్న చెంచయ్య గుండెపోటుతో పడవలోనే పోయాడు. ఆ ఏడే బడి మానేసి రొయ్యలు ఒలవడానికి చేరాను. పొద్దున మామ నన్ను షెడ్డు దగ్గర దించేవాడు, సాయంత్రం ఎక్కించుకునేవాడు. ఇంటికి వచ్చే దారిలో ఏదో ఒక ఆటస్థలం పక్కన ఆగేవాళ్ళం. ఆయన దిగి గట్టు మీద కూర్చునేవాడు. నేను ఆటోలోంచే చూసేదాన్ని.

నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను. షెడ్డులో నా పక్కన కూర్చునే ఆమెకు నా గొంతు ఎట్లా ఉంటుందో చాలా రోజులు తెలియదు. మామ దగ్గర మాత్రం మాట్లాడేదాన్ని, ఎందుకంటే ఆయన అడిగేవాడు. ఆట సగంలో వచ్చి ఆటో కమ్మీ పట్టుకుని నిలబడి, "ఏమ్మే రోజా, ఎవుడు?" అనేవాడు. నేను ఒకరిని చూపించేదాన్ని. "గోలేసినోడు గాదా?" అంటే కాదనేదాన్ని. ఆయన కాసేపు నేను చూపించినవాడినే చూసి తల ఊపేవాడు. బంతి కాళ్ళ దగ్గర ఉన్నప్పుడు అందరూ బాగానే ఉంటారని, పోగొట్టుకున్నాక ఏం చేస్తాడో చూడాలని నాకు నేర్పింది ఆయనే. చదువు ఆగిపోయాక నాకు ఎవరైనా ఏదైనా నేర్పారంటే అదొక్కటే.

ఆటగాళ్ళను ఆయన తెచ్చే పద్ధతే వేరు. మా జట్టులోకి రమ్మని ముందుగా ఎవరినీ అడిగేవాడు కాదు. ఏం తిన్నావు, ఎక్కడ పడుకుంటావు, ఇంట్లో ఎవరితో పడదు, ఇవీ అడిగేవాడు. తడ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక బ్యాక్ ఆటగాడికి గదిలో జనం ఎక్కువై నిద్ర లేదని తెలుసుకుని, మా ఐసు ఫ్యాక్టరీ వాచ్‌మన్ కిషోర్ బాబు గదిలో చోటిప్పించాడు. విడవలూరు వైపు నుంచి వచ్చిన గోల్ కీపరు తండ్రితో గొడవపడి ఇల్లు వదిలేశాడని తెలిసి మా వసారాలో మంచం వేయించాడు. అతనికి మా అమ్మ మస్తానమ్మ రెండు ఎండాకాలాలు వండిపెట్టింది. "పక్కూరోళ్ళు జీతాలిస్తారు, మేం మస్తానమ్మ చేపల పులుసు ఇస్తాం, ఎవురు గొప్పోళ్ళో నువ్వే చెప్పబ్బా" అని మామ అందరి ముందూ అంటుంటే అమ్మ మురిసిపోయేది.

తప్పులు కూడా చేశాడు. బుచ్చిరెడ్డిపాలెంలో రైసుమిల్లు మూటలు మోసే ఒక పొడుగాటి మనిషిని చూసి మోజుపడి తీసుకొచ్చాడు. అతను మా నేల మీద నాలుగడుగులు వేస్తే జారిపడేవాడు. పడ్డ ప్రతిసారీ లేచి అందరికీ దండం పెట్టేవాడు. చివరికి ఎండు చేపల మూట చేతికిచ్చి బస్సెక్కించారు. అన్నట్టు, జట్టులోంచి ఎవరినైనా తీసేయాల్సి వస్తే మామ ముందు రోజు సాయంత్రం వాళ్ళింటికి మంచి చేప పట్టుకుపోయేవాడు. ఆయన చేతిలో చేప కనిపిస్తే చాలు ఆటగాళ్ళకు గుండె జారేది. "మామా, మేం ఈరోజు చేపలు తినం" అని ఒకడు తలుపేసుకున్నాడు. మామ గడప మీద కూర్చుని, అతను బయటికి వచ్చేదాకా మాట్లాడి, చేప ఇచ్చే లేచాడు.

ఇదంతా చూసినప్పుడు నాకు గర్వంగా ఉండేది. ఏమీ లేని చోట ఇంత చేస్తున్నాడే అనుకునేదాన్ని.

పోయిన ఏడాది చలికాలంలో సరిహద్దు అవతల ఒక ఊళ్ళో ఏలుమలైని చూశాం. మధ్యలో ఆడేవాడు. పెద్దగా పరుగెత్తడు, అరవడు. బంతి తన దగ్గరికి రాకముందే ఒకసారి వెనక్కి చూసుకునేవాడు. వచ్చేసరికి ఎక్కడికి పంపాలో అతనికి తెలిసిపోయి ఉండేది. మామ అడిగితే అదే చెప్పాను. ఆయన ఆట అయ్యేదాకా నిలబడి, అయ్యాక అతనితో టీ బంకు దగ్గర చాలాసేపు అరవంలో మాట్లాడాడు. నేను ఆటోలోనే ఉన్నాను. మాటల మధ్యలో ఏలుమలై ఒకసారి ఆటో వైపు చూశాడు. చేపల పెట్టెలు చూస్తున్నాడనుకున్నాను.

దారిలో మామ చెప్పాడు, అతనివాళ్ళు కూడా మన కులంవాళ్ళేనని, ఊరు మాత్రం గడ్డుగా ఉందని. సముద్రపు నీళ్ళు సరస్సులోకి వచ్చే మొగ వాళ్ళ వైపు ఇసుకతో పూడిపోయింది. రొయ్య రావడం లేదు. అన్నదమ్ములు నలుగురూ మద్రాసులో కూలికి పోతున్నారు. అతనికి కూలికి పోవడం ఇష్టం లేదు, నీళ్ళలో పని కావాలి. అయితే మనం ఏమివ్వగలమని అడిగాను. "చూద్దాంలేమ్మే" అన్నాడు మామ.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. సరస్సులో రొయ్య బాగా పడే చోట్లు మాకు కొన్నే ఉన్నాయి. అందరూ ఒక్కసారే వలలు వేస్తే ఎవరికీ ఏమీ దక్కదు. అందుకని తాతల నాటి నుంచీ వంతులు. ఏ రోజు ఏ చోట ఏ ఇంటివాళ్ళు వల వేయాలో రొయ్యల కాలానికి ముందు చీట్లు వేసి తేలుస్తారు. వంతు ఇంటి మగవాడి పేరున ఉంటుంది. బయటి ఊరివాడు ఎంత చుట్టమైనా వంతు రాదు, కూలికి కూడా వల వేయనివ్వరు. ఒక్కటే దారి. కొడుకులు లేని ఇంటికి అల్లుడు ఇల్లరికం వస్తే ఆ ఇంటి వంతు అతనిదవుతుంది.

నాన్న పోయాక మా వంతును ఊరు తీసేయలేదు. మామ మా తరఫున వల వేసేవాడు. పడిన రొయ్యల్లో సగం మాకిచ్చేవాడు. ఏడాదిలో మాకు కొంచెం ఊపిరి ఆడేది ఆ నాలుగు నెలలే.

ఏలుమలై ఎండలు మొదలవగానే వచ్చాడు. ఐసు ఫ్యాక్టరీలోనే ఉన్నాడు. అతను వచ్చాక మా జట్టు వేరే జట్టులా ఆడింది. మునుపు బంతి వెనక పరుగెత్తి అలిసిపోయేవాళ్ళకు ఇప్పుడు నిలబడ్డ చోటికే బంతి వచ్చేది. కాంట్రాక్టరు జట్టును వాళ్ళ ఊళ్ళోనే ఓడించి కప్పు తెచ్చారు. ఊరి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాంట్లో ఆటగాళ్ళ కంటే మామ ఫొటోయే పెద్దది. జేబులో పైసా లేకుండా కప్పు తెచ్చిన మొనగాడని కింద రాయించారు. ఆ మాట చదివి నేను కూడా సంతోషించాను.

ఏలుమలై అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చేవాడు. అమ్మకు చేపలు తెచ్చిచ్చేవాడు. చిరిగిన మా పాత వల ఒకరోజు విప్పదీసి వసారాలో కూర్చుని బాగుచేశాడు. నాతో మాట్లాడలేదు, నా వైపు సరిగా చూడనూ లేదు. గోల్ కీపరులాగే ఇతనూ అమ్మ వంటకు అలవాటు పడ్డాడనుకున్నాను. కొళాయి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వుకోవడం గమనించాను. ఎవరు ఎటు చూస్తున్నారో, ఎవరి మనసులో ఏముందో అన్నీ గమనిస్తానని పేరున్నదాన్ని. నా గురించి జరుగుతున్నది నాకే తెలియలేదు.

వానలు మొదలయ్యాక గంగమ్మ గుడి ముందు చీట్లు వేశారు. మగవాళ్ళు నేల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళం వెనక వలల పాక నీడలో నిలబడ్డాం. మేం పెద్దకాపు అని పిలిచే ఊరి పెద్ద పోలయ్య ఒక్కో ఇంటి పేరూ పిలుస్తున్నాడు. పిలిచిన ఇంటివాడు పోయి చీటీ తీస్తున్నాడు. మా ఇంటి పేరు వచ్చేసరికి, "చెంచయ్య ఇంటి వంతు, ఆ ఇంటికి రాబోయే అల్లుడు ఏలుమలై" అన్నాడు.

ఏలుమలై లేచాడు. కొందరు కుర్రాళ్ళు ఈలలు వేశారు. అతను వంగి చీటీ తీశాడు.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూడలేదు. కాలి బొటనవేలితో ఇసుకలో గీస్తూ ఉంది. అప్పుడు నాకు అర్థమైంది, అమ్మకు ముందే తెలుసునని.

ఇంటికి వచ్చాక అమ్మ అంతా చెప్పింది. ఏలుమలైని చూసిన మర్నాడే మామ వచ్చి అడిగాడట. ఇంట్లో మగదిక్కు లేదు, తాను ఎన్నాళ్ళు వల వేస్తాడు, పిల్ల నోరులేనిది, ఇల్లు దాటి పోకుండా మనతోనే ఉంటుంది అన్నాడట. పోటీలు అయ్యేదాకా నాకు చెప్పవద్దన్నాడట. చెబితే నేను బెదిరిపోయి ఏడుస్తానని, అది విని అతను వెనక్కి తగ్గితే జట్టు పోతుందని. ఇదంతా నా మేలుకే అని అమ్మ మళ్ళీ మళ్ళీ అంది. నాకు మేలు చేసేవాళ్ళందరూ కూడబలుక్కుని, నాకు చెప్పడం ఒక్కటే మానేశారు.

మర్నాడు పొద్దున షెడ్డుకు పోతూ ఆటోలో మామను అడిగాను. నా అంతట నేను మొదలుపెట్టి ఆయనతో మాట్లాడటం నాకు గుర్తుండగా అదే మొదలు.

"నన్ను అడగలా నువ్వు" అన్నాను.

"అడిగితే నువ్వు చెప్తావా? నీ నోట్లోంచి మాట రావాలంటే ముందు సరస్సు ఎండాల" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆటో నెమ్మది చేశాడు. "మంచోడుమే వాడు. తాగడు. నువ్వే గదా వాణ్ణి చూపించింది నాకు."

"ఆట చూపించినా మామా. మొగుణ్ణి చూపించలా."

మామ గేరు మార్చి ఆటో వేగం పెంచాడు. తర్వాత కొంచెం కోపంగానే అన్నాడు. "క్లబ్బు దగ్గర ఏముండాదని ఇచ్చేది? గంప చేపలా? పక్కూరోడు ఉద్యోగం ఇస్తానన్నాడు వాడికి. వాడు నీళ్ళు గావాలన్నాడు. నేనేడ తెచ్చేది నీళ్ళు? నా దగ్గిరేముండాది?"

"నీకూ వంతుండాది. సుప్రియ ఉండాది."

సుప్రియ ఆయన ఒక్కగానొక్క కూతురు. ఆ ఇంట్లోనూ కొడుకుల్లేరు. నాకంటే ఏడాది పెద్దది. సూళ్ళూరుపేటలో డిగ్రీ చదువుతోంది.

"సుప్రియ చదువుకుంటా ఉండాది గదమ్మే" అన్నాడు మామ.

ఆ మాట ఆయన నన్ను బాధపెట్టాలని అనలేదు. అసలు ఆలోచించి కూడా అనలేదు. రోడ్డు మీద గుంత తప్పించినంత సులువుగా అనేశాడు. అందుకే అది నాలో అట్లాగే ఉండిపోయింది. షెడ్డులో ఆ రోజంతా రొయ్యలు ఒలుస్తూ ఆయన తెచ్చిన ఆటగాళ్ళను ఒక్కొక్కరినే గుర్తు చేసుకున్నాను. బ్యాక్ ఆటగాడికి చోటిచ్చిన కిషోర్ బాబు ఆ ఎండాకాలమంతా దోమల్లో ఆరుబయట పడుకున్నాడు. అతన్ని ఎవరూ అడిగినట్టు లేదు. గోల్ కీపరుకు పులుసు కోసం మా అమ్మ పగలంతా ఎండు చేపల పని చేసి వచ్చి మళ్ళీ పొయ్యి ముందు కూర్చునేది. బియ్యం కూడా మావే. మామ ఏమీ లేకుండా జట్టు కట్టాడని అందరూ అంటారు. ఏమీ లేకుండా కాదు. మేమున్నాం. ఆయన ఇంట్లోంచి మాత్రం ఇంతవరకు ఏదీ బయటికి పోలేదు, ఆ తీసేసినవాళ్ళకిచ్చే చేప తప్ప.

సాయంత్రం ఆయన ఆటో కోసం ఆగకుండా బస్సులో వచ్చాను. నేరుగా పోలయ్య ఇంటికి పోయి ఆయన భార్యతో నాకిష్టం లేదని చెప్పాను. ఆమె చాలాసేపు నన్ను చూసి, భోజనానికి కూర్చున్న పోలయ్యను లేపింది.

మర్నాడు గుడి ముందు మళ్ళీ అందరూ చేరారు. ఈసారి నన్ను ముందుకు రమ్మన్నారు. అమ్మ పక్కన కూర్చున్నాను. జట్టువాళ్ళందరూ ఒకవైపు నిలబడ్డారు. మామ తువాలు భుజాన వేసుకుని మధ్యలో కూర్చున్నాడు. ముందుగా ఒక పెద్దాయన లేచి మామ క్లబ్బుకు చేసిందంతా చెప్పాడు. డబ్బున్నవాడు ఎవడైనా కొంటాడని, లేనివాడు తేవాలంటే తెలివి కావాలని, ఇలాంటి మనిషిని నలుగురిలో కూర్చోబెట్టి అడగడం తగదని అన్నాడు. చాలామంది తలలూపారు.

పోలయ్య మామ వైపు తిరిగాడు.

"ముత్యాలూ, మాటిచ్చే ముందు పిల్లని అడిగినావా?"

"మేనమామని గదన్నా."

"నువ్వెవురో నాకు దెలుసు. అడిగినావా అంటుండా."

"వాళ్ళమ్మని అడిగినా."

వెనకనుంచి ఎవరో, "కప్పొచ్చింది గదా, ఇంకా అడిగేదేంది" అన్నారు. నవ్వులు లేచాయి. పోలయ్య కూడా నవ్వబోయి ఆపుకుని, ఏలుమలైని చెప్పమన్నాడు. అతను చేతులు కట్టుకుని నిలబడి, మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. "అమ్మాయి ఒప్పుకొనిందని ఆయన చెప్పినారు. ఆటోలో కూసోనుంది, సిగ్గు, అందుకే రాలా అన్నారు. లేదంటే నేను వచ్చుండను."

అందరూ మామ వైపు చూశారు. ఆయన తువాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు పోలయ్య నన్ను అడిగాడు. నేను లేచి నిలబడ్డాను. ఏమేమో చెప్పాలని రాత్రంతా అనుకున్నాను. చివరికి, "నేను ఒప్పుకోలా. నన్నెవురూ అడగలా" అని మాత్రం అన్నాను. ఆ పిల్లకు నోరుండాదే అని జట్టులో ఒకడు పక్కవాడితో అనడం వినిపించింది.

పెద్దలు కాసేపు గుసగుసలాడుకున్నారు. ఇష్టం లేని పిల్లకు పెళ్ళి చేస్తే రేపు పోలీసుల దాకా పోతుందని ఒకరన్నారు. ఏలుమలై తీసిన చీటీ చెల్లదని పోలయ్య తేల్చాడు. మా వంతు మా ఇంటి పేరునే ఉంటుంది. వల వేయడానికి మాకు ఊళ్ళో ఉన్న దగ్గరి మగవాడు ముత్యాలయ్యే కాబట్టి, ఎప్పటిలాగే ఆయన వేయవచ్చు. ఆయన వద్దనుకుంటే ఈ ఏడాదికి మా వంతు రోజున ఊరి పడవ వల వేస్తుంది, పడింది ఊరికి చేరుతుంది. మామ చేసిన పని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. క్లబ్బు పని నుంచి తాను తప్పుకుంటానని మామే లేచి అన్నాడు. అనగానే అందరూ గోలగా వద్దన్నారు. ఇద్దరు ఆటగాళ్ళు వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు. ఏదో అయిపోయింది, మనసులో పెట్టుకోవద్దు అని ఆయన్నే బతిమాలారు.

ఏలుమలై ఆ సాయంత్రమే వెళ్ళిపోయాడు. పోయే ముందు సంచీతో మా వాకిట్లోకి వచ్చాడు. అమ్మ లోపలికి పోయింది. నేను గుమ్మంలో ఉన్నాను. తప్పు తనది కూడా అన్నాడు. అంత దూరం నుంచి ఆటోలో కూర్చున్న మనిషిని చూసి ఒప్పుకుందని ఎట్లా నమ్మానో అన్నాడు. ఎక్కడికి పోతున్నావని అడిగాను. మద్రాసు అన్నాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా చూశాను. మామ ముందుగా నన్ను అడిగి ఉంటే నేను ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. వద్దనేదాన్నో, సరే అనేదాన్నో. అది తేల్చుకునే అవకాశం కూడా నాకు లేకుండా చేశారు.

తర్వాత ఊళ్ళో నాకు కొన్ని రోజులు కష్టంగా గడిచింది. కొళాయి దగ్గర నా బిందె వెనక్కి జరిగేది. జట్టు కుర్రాళ్ళు నేను పోతుంటే, అదిగో మన కప్పు పోతా ఉంది అనేవాళ్ళు. సుప్రియ సెలవులకు వచ్చి, మా ఇంటి ముందు ఆగి, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు నిలబడి వెళ్ళిపోయింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెను కూడా ఎవరూ ఏమీ అడగలేదు.

మా వంతు రోజుకు ముందు మామ వచ్చాడు. ఏమీ జరగనట్టే వసారాలో కూర్చుని, మంచినీళ్ళడిగి తాగి, రేపు పెందలాడే పడవ తీస్తానని అమ్మకు చెప్పాడు. అమ్మ ఖాళీ చెంబు తీసుకుని లోపలికి నడిచింది. నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "ఏం జెప్పమంటావే? ఆయన వేస్తే సగం మనకొస్తాది. వద్దంటే ఏమీ రాదు. నీ ఇష్టం."

నీ ఇష్టం అని మా ఇంట్లో నాతో ఎవరైనా అనడం అదే మొదటిసారి. ఆ సగం లేకపోతే ఆ ఏడు ఎట్లా గడుస్తుందో ఇద్దరికీ తెలుసు. వసారాలో మామ వీపు కనిపిస్తోంది. నాన్న పోయిన రోజు నేను ఆ వీపు మీదే తల ఆనించి ఏడ్చాను. వద్దని చెప్పాను.

అమ్మ బయటికి పోయి, "వద్దులే అన్నా, ఈ ఏడు" అంది. ఆయన తువాలు దులుపుకుని లేచాడు. నన్ను పిలుస్తాడేమో, ఒక్క మాట అంటాడేమో అనుకున్నాను. అనలేదు. అమ్మతో, పిల్లకు బాగా పొగరెక్కింది జాగ్రత్త అని చెప్పి పోయాడు.

ఆ ఏడు రొయ్య బాగా పడింది. మా వంతు వచ్చిన ప్రతిసారీ ఊరి పడవే మా చోట వల వేసింది. ఒడ్డున గంపలు దిగుతుంటే అమ్మ చూడలేక లోపలికి పోయేది. వచ్చిన డబ్బు ఏం చేయాలని ఊళ్ళో మాట్లాడుకున్నారు. గుడికి సున్నం వేయించాలని కొందరన్నారు. చివరికి అందరికీ నచ్చింది క్లబ్బుకు ఇవ్వడమే. ఏలుమలై పోయిన చోటు ఖాళీగా ఉంది గదా అన్నారు.

ఎండలు ముదిరి నీళ్ళు వెనక్కి తగ్గాక, ముత్యాలయ్య మామ మొదటిసారి డబ్బిచ్చి ఒక ఆటగాణ్ణి తెచ్చాడు. చాలా బాగా ఆడుతున్నాడని ఊరంతా అంటోంది. నేను చూడటానికి పోలేదు.